నలభై ఒకటో బావి

బావి అంటే చేద వేసేది కాదు ఇక్కడ.
మొక్కజొన్న మోళ్ళ మధ్య
నడుమెత్తు ఇనుప గొట్టం,
దాని మీద తుప్పు తినగా మిగిలిన అంకె.
తర్నావా లోయ నిండా ఇలాంటివే,
గ్యాసు తీసుకుని, మూత వేసి, మరిచిపోయినవి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ
ఇక్కడ నిప్పూ లేదు, పొగా లేదు, వాసనా లేదు.
వంటింటి గ్యాసుకి కంపు మనం కలుపుకున్నదే.
నేలలోంచి వచ్చేటప్పుడు దానికి ఏ గుణమూ ఉండదు,
నిద్రలో ఎవరో ఊపిరి వదిలినట్టు పోతూ ఉంటుంది.

నా డ్రోను బరువు రెండు కిలోలు.
బ్యాటరీ పద్దెనిమిది నిమిషాలు, చలిలో పదమూడు.
కడుపు కింద అగ్గిపెట్టెంత లేజరు.
పది మీటర్ల ఎత్తున సాళ్ళు తోలుతూ పోతుంది,
నేలకి గాటు పడదు.

దాని కాంతి మన కంటికి ఆనదు.
కిందికి పోయి, మట్టిని తాకి, వెనక్కి వస్తుంది.
దారిలో మీథేన్ ఉంటే
ఆ ఒక్క రంగులో కొంత తాగేస్తుంది.
నేను లెక్కపెట్టేది వచ్చిన వెలుగుని కాదు,
రాకుండా పోయినదాన్ని.
పెళ్ళికి వచ్చినవాళ్ళని వదిలేసి
రానివాళ్ళ పేర్లే గుర్తుపెట్టుకునేది మా అమ్మమ్మ.
అదే పద్ధతి.

గాలి కొలవకపోతే ఈ అంకెలు దేనికీ కొరగావు.
ఎంత ఉందో తెలుస్తుంది, ఎంత పోతోందో తెలియదు.
అందుకని మూడు గిన్నెలు గిర్రున తిరిగే కర్రని
గావ్రిలా చేతికిచ్చాను.
డెబ్బై ఒకటేళ్ళు. ఈ బావుల దగ్గరే
ముప్పై ఏళ్ళు వాల్వులు తిప్పినవాడు.
కదలకుండా పట్టుకున్నాడు,
చర్చిలో కొవ్వొత్తి పట్టుకున్నట్టు.

"నలభై ఒకటి వదిలెయ్, ఇలింకా.
దాన్ని నేనే పూడ్చాను. ఇరవై నాలుగు బస్తాలు."

వదల్లేదు. ఒక్కటి వదిలితే
పటంలో ఊడిన గుండీలా కనిపిస్తుంది.
డ్రోను వెళ్ళింది.
తెర మీద పసుపు, నారింజ,
తర్వాత గొట్టం నుంచి తూర్పుకి, గాలి పోయే వైపు,
ఎర్రటి తోక.

ముందు యంత్రాన్నే అనుమానించాను.
అద్దం తుడిచాను. బ్యాటరీ మార్చాను.
ఎత్తు తగ్గించి మళ్ళీ పంపాను.
తోక అక్కడే ఉంది.
గావ్రిలా తెర చూడలేదు.
ఎడమచేత్తో టోపీ తీశాడు.
కర్ర మాత్రం వంగలేదు.

సాయంత్రం ఆయన ఇంటి మెట్ల మీద కూర్చున్నాం.
ప్లమ్ పండ్ల సారా, చిన్న గ్లాసులు.
రెండోది సగంలో ఉండగా అన్నాడు:
"పన్నెండు."

నాకర్థం కాలేదు.

"పన్నెండు బస్తాలే పోశాను.
ఆ ఏడు మంచు కరిగి వాకిలంతా బురద.
సాఫ్టాకి నిండు నెలలు. ఒకసారి జారింది కూడా.
డబ్బిచ్చినా సిమెంటు దొరకని రోజులు."

కూర్చున్న మెట్టుని అరచేత్తో తట్టాడు,
ఆవు వెన్ను తట్టినట్టు.
నాలుగు మెట్లు. అంచులు అరిగాయి, ఒక్క బీటా లేదు.
గట్టి పని.

"కూతురు పుట్టింది. క్లూజ్‌లో పళ్ళ డాక్టరు."
నేను అడగలేదు.
కాసేపాగి,
"ముప్పై ఎనిమిదేళ్ళుగా పోతోందంటావా?"
"రాత్రీ పగలూ" అన్నాను,
ఇంకోలా చెప్పడం చేతకాక.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది, కారణం అని.
గంటకి ఎన్ని గ్రాములో రాశాను, గాలి వేగం రాశాను,
ఆ గడి దగ్గర మాత్రం కర్సరు
చాలాసేపు మినుకుమంటూ కూర్చుంది.
పాత సిమెంటు, అని రాశాను.

తెల్లవారి నా వ్యాను దగ్గరికొచ్చాడు,
ఒంటిచక్రం బండిలో రెండు బస్తాలు.
"మిగతా పది మధ్యాహ్నానికి వస్తాయి."
బావి అలా పూడదని, రిగ్గు కావాలని,
లోపలి పాత సిమెంటుని ముందు తవ్వాలని
నాకన్నా ఆయనకే బాగా తెలుసు.
ఏమీ అనకుండా రెండో కొస పట్టుకున్నాను.
బస్తా ఇంకా చలికి గడ్డకట్టినట్టుంది,
మా ఇద్దరి చేతులకీ బూడిదరంగు అంటింది.