పదకొండు డిగ్రీలు

ఈ ఊరిని స్లావిట్ అని పిలుస్తారు, రాసేది వేరేలా.
నా లేత్‌ని నేను తరిమెన అంటాను, అది వీళ్లకు పలకదు.
లెక్క సరిపోయింది.
కాలువ గట్టున, పాత ఉన్ని మిల్లులో, మూడో అంతస్తు మూలగది:
లక్కబొమ్మలు తిప్పడం నేర్చిన చేతులతో
ఇక్కడ ఇత్తడి తిప్పుతుంటాను.

ఎల్లిస్ హేగ్ నవంబరులో వచ్చాడు,
బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి.
ట్రంపెట్ పెట్టె చంకలో, క్షమాపణ మొహంలో.
"నా బాకావి ఎప్పుడూ నేలచూపులే," అన్నాడు.
చిన్నప్పుడు బ్యాండు మాస్టారు
దాని మూతి కింద బెత్తం పెట్టి పైకి లేపేవాడట.
లేపితే స్వరం పలికేది కాదు,
దించితే పలికేది, పలికినందుకు తిట్లు పడేవి.
యాభై ఏళ్లుగా ఆయన పాటలన్నీ
ముందు ఆయన బూట్లే విన్నాయి.

నేను ట్రంపెట్ పెట్టె తెరవలేదు.
"కళ్లు మూసుకుని ఉత్తినే ఊదండి,
టీ చల్లార్చుకున్నట్టు," అన్నాను.
అరచెయ్యి ఆయన ముక్కు ఎదుట పెట్టాను, గాలి లేదు.
పెదవుల ఎదుట, లేదు.
గడ్డం కింద దొరికింది, వెచ్చగా, సన్నగా.
పైదవడ చూరులా ముందుకొచ్చింది, కిందిది వెనక్కి జరిగింది.
చూరునీళ్లు పడే చోటే పడుతోంది ఊపిరి.

ఇందులో తప్పెక్కడుంది?
మనిషి మెడ సాగదీయడం కంటే
మౌత్‌పీస్ కాడ వంచడం చవక.

చవకే కానీ తేలిక కాదు.
దీపం ఆర్పి కాడను కాల్చాలి,
ఇత్తడి మెత్తబడిన సంగతి చీకట్లోనే తెలుస్తుంది:
ముదురు దానిమ్మ రంగు, ఒక్క క్షణం, మంట తీసెయ్యాలి.
చల్లారాక, వేడినీళ్లకే కరిగే లోహమొకటి
దాని గొంతు నిండా పోయాలి,
లేకపోతే వంచిన చోట చొట్టపడుతుంది,
చొట్టలో గాలి తడబడుతుంది.

మొదటిది పాడుచేశాను.
తొమ్మిది డిగ్రీల దగ్గర తొందరపడ్డాను,
గొంతు పక్కన వెంట్రుకంత పగులు,
పై స్వరాలన్నీ అక్కడ కాలు జారాయి.
అది ఇప్పుడు బిల్లులు ఎగిరిపోకుండా బరువు.

రెండోది పదకొండు.
పైన ఆకురాయితో చిన్న గీత పెట్టాను.
ఈ గీత ఆకాశం చూడాలి, చెప్పాను,
పక్కకి తిరిగిందా, బాకా పొరుగింట్లోకి తొంగి చూస్తుంది.

ఊదాడు.
తల కదల్లేదు, గాలి పాత దారినే దిగింది,
బాకా మాత్రం మొదటిసారి గోడను చూసింది,
గోడలో కిటికీని,
కిటికీ కింద కాలువలో పడవ మీద
బకెట్టు తోముకుంటున్న మనిషిని.
ఆ మనిషి చెయ్యి ఆపి ఇటు తిరిగాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మూడు వారాలకి ఆయన భార్య మ్యూరియెల్ వచ్చింది,
ఎడమ చెవిలో మిషను,
రుమాల్లో చుట్టిన మౌత్‌పీస్.
"క్లబ్బులో నాది ఎప్పుడూ ముందు వరస.
వంగిన బాకా పాటంతా నా ఒళ్లో పోసేది.
ఇప్పుడు నా నెత్తి మీంచి వెళ్లి
వెనక బార్ దగ్గరి వాళ్ల మీద పడుతోంది.
వాళ్లు వినరు కూడా."

వెనక్కెళ్లి కూర్చోవచ్చు కదా, అనబోయి ఆగాను.
"ఎల్లిస్‌కి తెలుసా?"
"ఆయనే పంపాడు. అడగడానికి సిగ్గట."

దీపం ఆర్పాను.
ఇత్తడి రెండోసారి వంగాలంటే
రెండోసారి కాలాలి.
దానిమ్మ రంగు వచ్చేదాకా ఇద్దరం
చీకట్లో మాట్లాడకుండా కూర్చున్నాం.
ఎన్ని డిగ్రీలు వెనక్కో ఆమె చెప్పలేదు,
కుర్చీలో సర్దుకుని
తన ఒడి ఎంత ఎత్తులో ఉంటుందో
చేత్తో చూపించింది.