నీళ్ళ కిటికీ

నా కొలువు ఒక కిటికీ.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలు మీద
గుడారాలూ రేకుల ఇళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎక్కిన చోట
ఒక ఇటుకల గది, ఒక గొట్టం, ఒక మీట, నేను.
ఇళ్ళలో కొళాయిల్లేవు గనక
పిల్లలు డబ్బాల బళ్ళు లాక్కుంటూ నా దగ్గరికే రావాలి.
పదహారేళ్ళుగా నీళ్ళు అమ్ముతూ
మాటలు వింటున్నాను.

మాటలు రానివాళ్ళని కూడా.

దుల్గూన్ అక్టోబరులో దిగాడు.
పద్నాలుగేళ్ళవాడు, కోటు చేతుల్ని దాటి పెరిగిపోయిన మణికట్లు.
దుల్గూన్ అంటే మా భాషలో నెమ్మదైనవాడని.
వాళ్ళమ్మ ఆ పేరు కాస్త తగ్గించి పెట్టాల్సింది.
వరసలో బడిపిల్లలుంటే చాలు
బండి చక్రంలో ఏదో ఇరుక్కున్నట్టు వంగిపోయేవాడు.
"ఏయ్, నీదే సెక్షన్?" అంటే
పెదాలు కదిపి, ఆగి,
నీళ్ళు నమిలేవాడు.
ఇక్కడ జనవరిలో నీళ్ళు నిజంగానే నమలొచ్చు లెండి,
పంటి కింద కటుక్కుమంటాయి.

ఒకరోజు డబ్బులిస్తూ చాచిన అరచేతిలో
నీలం సిరాతో మూడు వాక్యాలు.
నీ పేరేంటి.
నీకు బాస్కెట్‌బాల్ ఇష్టమా.
మూడోది చేతితొడుగు చెమటకి అలికిపోయింది.
చూడనట్టు చిల్లరిచ్చాను.
కిటికీ వెనక మనిషి చేయగల మర్యాద అంతే.

ఆ వాక్యాలు వాడు ఎవరి మీదా వాడలేదు.

తర్వాతి శనివారం గొట్టం గడ్డకట్టింది.
నేను వేడిగుడ్డలు చుడుతున్నాను, వరస కదలటంలేదు.
వాడి వెనక అనుజిన్, బస్సు డ్రైవరు కూతురు,
మూత పోయిన డబ్బాకి
బంగాళాదుంప కుక్కి తెచ్చింది.
ఎంతసేపని నేలచూపులు చూస్తాడు?
వెనక్కి తిరిగాడు.
అరచెయ్యి చూసుకోలేదు.
పుట్టిన మైదానంలో, గుర్రం దిగకుండానే
ఎదురైనవాళ్ళని ఎవరైనా అడిగేదే అడిగాడు:
"మీ మంద బాగా కండపట్టిందా?"

ముందున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు,
నోళ్ళలోంచి తెల్లటి పొగలు.
వాడి చెవులు కుంపట్లయ్యాయి.
గుడ్డ నా చేతిలోనే ఆగిపోయింది.
ఆ పిల్ల మొహంలోనూ నవ్వు బయల్దేరింది, చూశాను,
సగం దారిలో దాన్ని వేరే వైపు తిప్పుకుంది.

"మా మందంటే ఒక పిల్లి.
బాగానే బలిసింది, గుమ్మంలో పట్టడం లేదు.
మీదో?"

మీదో. రెండే అక్షరాలు.
తమ గురించి గంటసేపు చెప్పగలిగిన గడుగ్గాయిలు ఎందరో
ఈ రెండక్షరాలు ఇంట్లో మర్చిపోయి వస్తారు.

"పోయినేడు గడ్డి మీద మంచు ఇనుపమూతలా బిగిసింది.
మూడువందల డెబ్బై. ఒక్కటీ మిగల్లేదు."

అయ్యో అనలేదు ఆ పిల్ల.
పోనీలే అనీ అనలేదు. ఫోను తీయలేదు.
బంగాళాదుంపని గట్టిగా నొక్కుతూ కాసేపు ఊరుకుంది.
ఊరుకోవడం కూడా మాటే, వెనక మనిషి నిలబడి ఉంటే.
తర్వాత అడిగింది:
"వాటికి పేర్లుండేవా?"

"పేర్లు కాదు. రంగులు," అన్నాడు వాడు.
ఇక చూడాలి.
పొగరంగు గుర్రం, దాని తెగిన ఎడమచెవి,
ఉప్పుగడ్డ దొంగిలించే మచ్చల మేక,
తల్లి ఒల్లనంటే తన కోటులో పడుకున్న పిల్ల,
చేతులతో, భుజాలతో, ఒకసారి మేక గొంతుతో కూడా.
గొట్టం కరిగింది. వరస కదిలింది.
వెనకవాళ్ళు వాళ్ళిద్దర్నీ చుట్టి ముందుకొచ్చి
నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు.
నేనూ పిలవలేదు.

వాడికి మాట్లాడ్డం వచ్చేసిందని చెప్పను.
సోమవారం ఇంకెవరో పలకరిస్తే
మళ్ళీ చక్రం మీదికి వంగాడు.

కానీ మంగళవారం సాయంత్రం,
అనుజిన్ వచ్చే వేళకి,
వాడి బండి నా కిటికీ ముందు ఆగింది.
డబ్బా ఎత్తాడు. లోపల
సగానికి పైగా నీళ్ళు గళగళమన్నాయి.
"ఎన్ని లీటర్లు?" అన్నాను.
"పట్టినన్ని," అన్నాడు, దారివైపు చూస్తూ.