అప్పజెప్పుడు

డైరీల ఎర్రసిరాతోని రాసి పంపిన్రు:
"అడ్డ ప్రశ్నలు ఎక్కువ. అప్పజెప్పడం తక్కువ."
కింద, తల్లి సంతకం అని ఒక గీత.
గీత మీద నా పేరు వెట్టి
దుకాణం తెరువ వోయిన.

సుబేదారిల, కోచింగ్ సెంటర్ ఎదురుంగ
నాది జిరాక్స్ దుకాణం.
తొమ్మిది గాకముందే పోరగాండ్లు లైన్ కడ్తరు
ఇంపార్టెంట్ ప్రశ్నలు, పదేండ్ల పాత పేపర్లు.
మూత కింద పచ్చటి వెలుగు
ఇటుకెల్లి అటు పాకుతది
కాయితం వెచ్చగ బయటవడ్తది.
చేతిల వట్టుకుంటె అప్పుడే పుట్టిన పిల్ల లెక్కనే ఉంటది గని
దానికి ఏడుపు రాదు.

బడి ఇడిశినంక మన్విత
స్టూలెక్కి కూసోని మిషన్ దిక్కు చూస్తది.
"అమ్మా, ఇది చదువుకుంటదా?"
చదువది బిడ్డ.
"మరి ఒక్క తప్పు లేకుంట ఎట్ల రాస్తది?"
నలభై కాపీల నడిమిట్ల
నా చెయ్యి ఆగింది.
"అక్కా, జల్ది" అన్నడు లైన్ల పిలగాడు.

రాత్రి కొత్తవాడల
సాప మీద ఎక్కాల పుస్తకం.
రెండొకట్ల రెండు
రెండు రెళ్ళు నాలుగు
"ఎక్కాలంటె ఎక్కేటియా?"
ఊఁ.
"ఎక్కినంక ఏం కనవడ్తది?"

ఇరవై దాక ఎక్కినదాన్ని నేను.
ఒక్కనాడన్న మీదికెల్లి చూడలే.

మొన్న నల్లా వచ్చే దినం.
ధార కింద చెయ్యి వెట్టి అడిగింది
"నీళ్ళు తెల్లగున్నయి గద, నల్లా అని ఎందుకంటరు?"
వచ్చేదే గంట సేపు నీళ్ళు.
ఎనుక నాలుగిండ్ల బిందెలు.
సప్పుడు జెయ్యకుంట అవతలికి జరుగు అన్న.
జరిగింది.
గోడకు మొకం వెట్టి నిలవడ్డది.
కొంచెం సేపటికి, అటే తిరిగి,
"అమ్మా, బిందె నిండొస్తాంది."
చూడకుంట ఎట్ల దెలిసింది?
"సప్పుడు సన్నగయితాంది గద."

ఇరవయ్యేండ్ల సంది నీళ్ళు వడ్తున్న.
ఆ సన్నగయ్యే సప్పుడు
నా చెవుల వడుడు గదే మొదలు.

అట్లని బట్టీని తిట్టేటోళ్ళ ఎంట నేను పోలేను.
మా నాయిన షత్రంజీలు నేసేటోడు. సంతకం రాదు.
కాళ్ళు గుంతల, చేతులు పోగులల,
చెవులు మాత్రం నా నోటి మీద.
మగ్గం దెబ్బకొక ఎక్కం చెప్పాలె.
పదమూడుల కాడ తప్పితె మగ్గం ఆగేది.
కొడితె మర్సిపోయేదాన్నేమో
ఆ ఆగుడు ఇంక మర్వలే.
"పోగు లెక్క తప్పితె పువ్వు తప్పుతది బిడ్డా" అనేటోడు.

ఆ ఎక్కాలే ఇయ్యాల నాకు బువ్వ వెడ్తున్నయి.
నూట డెబ్బై పేజీలు, పేజీకి రూపాయిన్నర,
గిరాకి ఫోన్ల లెక్కజేసేలోపల
రెండు వందల యాభై అయిదని నా నోరంటది.
నేననను, నా నోరంటది.

ఒకటే బాధ.
నాయిన పువ్వును ఎనుక దిక్కుకెల్లి ఎందుకు నేసేటోడో
ముంగటి రంగు ఆయినకెట్ల దెలిసేదో
అడుగుదామని మస్తు సార్లు నోటి దాక వచ్చేది.
ఎక్కం ఎక్కడ తప్పిపోతదో అని
మింగేదాన్ని.

నిన్న రాత్రి మన్విత
కండ్లు మూసుకోని, చేతులు కట్టుకోని,
అయిదో ఎక్కం ఎక్కడ ఆగకుంట అప్పజెప్పింది.
అప్పజెప్పుడంటె ఏంది?
తీసుకున్నది తీసుకున్నట్టు వాపసిచ్చుడే గద.
ఇచ్చినంక పొల్ల కాడ ఏం మిగిలిందని
కట్టుకున్న చేతులు ఇప్పి చూసిన.
పెన్సిల్ మసి. ఒక గోరు కింద బెల్లం.

కండ్లు తెరిచి అడిగింది
"నల్లా అని ఎందుకంటరో చెప్త అన్నవు గద."
నేను అనలే.
అన్నట్టే యాదికుంచుకున్నది.

తెలువదు బిడ్డ, అన్న.
ఆ ఒక్క మాట
మా ఇంట్ల గని, బడిల గని
నాతోని ఎవ్వరు బట్టీ పట్టియ్యలే.
నోరు తిరగనీకి కొంచెం సేపు పట్టింది.

ఎల్లుండి నీళ్ళొచ్చే దినం.