రద్దయిన పడవ

పడవ ఇంకా చుక్కంతే ఉంది,
ఈయన అప్పుడే బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు.
అవి ముప్పై అయిదు నిమిషాల నీళ్ళు,
మీరు తొందరపడితే తగ్గవు, అన్నాను.
వినరు.
బ్యూట్ దీవికి కాపురమొచ్చి ఇరవై రెండేళ్ళయినా
రాత్‌సే రేవుకి గంట ముందు చేరాల్సిందే,
సామర్లకోటలో పాసింజరు బండి తప్పిపోతుందేమో అన్నట్టు.

దిగారు.
ముందు కుక్క, తరవాత సంచులు, ఆ తరవాత
దారంతా కడుపులో తిప్పిందని గర్వంగా చెప్పుకునే వకుళ,
గాలం కర్ర చంకన పెట్టుకుని రోరీ,
వాళ్ళ నాన్న కాలమ్,
చిట్టచివర మా హైమ.
"ఏంటమ్మా ఇలా చిక్కిపోయావ్" అంది.
అది నేననాల్సిన మాట. నోట్లోంచి లాగేసుకుంది.

మూడు గదుల ఇంట్లో ఆరుగురం.
రేడియేటర్ల మీద తడి మేజోళ్ళు,
ఏది ఎవరిదో అడిగేవాళ్ళు లేరు.
ఫ్రిజ్ మీద ఆటుపోట్ల పట్టిక పక్కనే
వకుళ పీతల పట్టిక అంటించింది:
పట్టినవి పదకొండు. వదిలినవి పదకొండు.
కరిచింది ఒకటి. దానికి తాతయ్య అని పేరు.

గోంగూర ఈ మట్టికి అలుగుతుంది.
పెరట్లో రూబార్బ్ కాడలకి
ఎండుమిర్చీ ఇంగువా చూపిస్తే మాత్రం
నేనే గోంగూరనని ఒప్పేసుకుంటుంది.
కాలమ్ కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు.
బాగుందని అనడు ఆ పిల్లాడు,
"ఇంకా ఉందా?" అంటాడు.

రేవు గోడ మీంచి తాతా మనవడూ కానాగంతలు తెచ్చారు.
"ఇద్దరం కలిసి ఏడు" అన్నారీయన.
రోరీ ఏమీ అనలేదు, నా వైపు చూసి కన్ను కొట్టాడు.
ఏడూ వాడివే.
పులుసులో ఎవరివెన్నో చేపలు చెప్పవు కదా.

మూడోనాడు వాన. వానంటే వానా కాదు,
మొహం మీద ఎవరో ఊదినట్టు.
"దీన్ని స్మర్ అంటారు అమ్మమ్మా" అన్నాడు రోరీ.
మేం ముసురంటాంరా అన్నాను.
స్మర్, ముసురు, స్మర్, ముసురు...
ఇద్దరం కిటికీ దగ్గర చాలాసేపు అనుకున్నాం.
ఇంత దూరం వచ్చేసరికి
ఒక అక్షరం తడిసి జారిపోయినట్టుంది.

ఆ రాత్రి మంచినీళ్ళకి లేచి చూద్దును కదా,
ఈయన హాల్లో చీకట్లో నిలబడి
బారోమీటరు అద్దం మీద వేలితో కొడుతున్నారు,
గుళ్ళో గంట అందనివాడిలా మెల్లగా, పదే పదే.
ఏమిటని నేనడగలేదు.
ఆయన చెప్పలేదు.
మర్నాడే వాళ్ళ ప్రయాణం.

పొద్దున్నే హైమ ఫోను చూసి నెత్తి కొట్టుకుంది.
గాలి. పడవలన్నీ రద్దు.
"అయ్యో, మీ ఆఫీసులు! అయ్యో, పిల్లల బడి!"
ఎంత బాధగా అన్నారో ఈయన,
అంటూనే పెసరపప్పు నానబోశారు.

ఆ రోజుకని ఎవరూ ఏమీ అనుకోలేదు.
చూడాల్సిన కోట చూసేశాం,
తీసుకోవాల్సిన ఫోటోలు తీసేసుకున్నాం.
కాబట్టి ఉత్తినే ఉన్నాం.
హైమ నా ఒళ్ళో తల పెట్టుకుని పగలంతా నిద్రపోయింది,
నలభై రెండేళ్ళ పిల్ల, నోరు తెరుచుకుని.
నా కాలు తిమ్మిరెక్కింది. కదల్చలేదు.
కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే
నాలుగు వాయిల పెసర పుణుకులు అయిపోయాయి.

మర్నాడు గాలికి సిగ్గేసిందో ఏమో, తగ్గింది.
సాయంత్రం పడవ మీంచి వకుళ టార్చి వెలిగించి ఆర్పింది.
మేం వసారా దీపం ఆర్పి వెలిగించాం.
చుక్కయ్యేదాకా అదే మాట.

ఇంటి నిండా తడి కుక్క వాసన.
సోఫా కింద దొరికిన ఒంటి మేజోడు
చేత్తో పట్టుకునే బారోమీటరు దగ్గరికెళ్ళి ఒకటి కొట్టారు.
"గురువారం పెద్ద గాలట" అన్నారు విసుగ్గా.
"ఎప్పుడు రావాలో తెలీదు దీనికి."