ఒక్కరే చదివిన టపా

మా బడిలో పదకొండు మంది.
పన్నెండోది గాలి,
హాజరు పలక్కుండా వచ్చిపోతుంటుంది.

ఫారో దీవుల్లో నవంబరంటే
మొదటి గంట చీకట్లోనే కొట్టడం.
ఆ చీకట్లోనే ఒక ఉదయం
మా తరగతికి బ్లాగు తెరిచాను.

నియమాలు గోడకంటించాం.
ఇంటిపేరు రాయకూడదు,
ముఖం చూపకూడదు,
ఊరి పేరు ఎత్తకూడదు.
బార్దూర్ చెయ్యెత్తాడు:
"అయితే ఇంక మేం ఎవరం, టీచర్?"

జవాబు తోచక
చేతుల్ని ఫొటోలు తీశాం.
ఉన్ని దువ్వే చేతులు,
గోళ్ళలో బురద,
జిగురంటి ఎండిపోయిన బొటనవేలు.
సాయంత్రానికల్లా అమ్మలందరూ
ఎవరివి ఏవో చెప్పేశారు.

తర్వాత భాష మీద తగువు.
"మన భాషలో రాస్తే చదివేదెవరు?
అందర్నీ పోగేసినా
ఒక పెద్ద స్టేడియం నిండదు"
అని హానుస్ ఫుట్‌బాల్ లెక్క చెప్పాడు.
"మా గొర్రె రంగుకి
ఇంగ్లీషులో మాటేది, చెప్పు" అంది తోరా.
గొర్రె గెలిచింది.
కింద మాత్రం రెండు ఇంగ్లీషు ముక్కలు,
చుట్టాలొస్తే కూర్చోడానికి చాప పరిచినట్టు.

నెలంతా ఒకే చుట్టం.
ఐస్‌లాండ్ దగ్గరెక్కడో వల లాగుతున్న
హానుస్ వాళ్ళ తాత.
ఏ టపా పెట్టినా ఆయన వ్యాఖ్య ఒకటే:
"బాగుంది. చేపలు లేవు."

ఆ తర్వాత ఉరుగ్వే నుంచి
ఎవరో పిల్లలు అడిగారు:
మీ పొగమంచు వాసన ఎలా ఉంటుంది?
రెండు రోజులు లెక్కలు పక్కనపెట్టి
గోడవతల నిలబడి ముక్కులెగబీల్చాం.
తడిసిన కుక్క, అన్నాడొకడు.
తుప్పు తాళం, అంది ఇంకొకతె.
తరగతిలో నోరు విప్పని రాన్వా
కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది:
"దానికి వాసన లేదు.
మన వాసనలు దాస్తుంది."

ప్రతి మాటా ముందు నా దగ్గరికొస్తుంది.
జల్లెడ నాది.
ఆమోదించు, తిరస్కరించు,
రెండే మీటలు.
అచ్చుతప్పులు నేను దిద్దను,
అవి పిల్లల పాలపళ్ళు.

ఒక రాత్రి, గొర్రెల టపా కింద
రాన్వా పంపింది:

"మా ఇంట్లో ఎవరూ అరవరు.
కంచాలు మెల్లగా పెడతారు.
అమ్మ పెట్టె మంచం కింద
తెరిచే ఉంది."

పేరు లేదు, ముఖం లేదు, ఊరు లేదు.
ఒక్క నియమమూ తప్పలేదు.
ఒప్పుకుంటాను,
ముందు వాక్యాల అందమే చూశాను,
పిల్ల తర్వాత కనిపించింది.

వేలు మీట మీద ఆగింది.
నొక్కితే తెల్లారేసరికి
పోస్టాఫీసులో చదువుతారు, రేవులో చదువుతారు,
వల పక్కన పెట్టి తాత చదువుతాడు.
పేరు లేకపోతేనేం,
చేతులు చూసి మనిషిని పోల్చే ఊరిది.
రెండో మీటా నొక్కలేకపోయాను.
ఏడేళ్ళ పిల్లతో
తిరస్కరించు అనే మాటేమిటి?

పొద్దున్నే వెళ్ళి హీటర్ వేశాను.
బూట్లు విప్పుతున్న రాన్వా పక్కన
నేల మీదే కూర్చున్నాను.
"చదివాను" అన్నాను.

"ఎంతమంది?"

"నేనొక్కదాన్నే."

ఎడమ బూటు ముడి ఎంతసేపటికీ రాలేదు.
నేను సాయం చెయ్యలేదు.
ముడి ఊడాక
బూటుతోనే అన్నట్టుగా అంది:
"అమ్మ చదివితే ఫరవాలేదు."

నాలుగు వాక్యాలూ కాగితం మీద
నా చేత్తో ఎత్తిరాసి,
కోటు జేబులో పెట్టుకుని
ఆ సాయంత్రం వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను.
లోపల నిజంగానే
కంచాలు మెల్లగా పెడుతున్నారు.

ఆ పైన జరిగింది టపా కాదు.

బ్లాగు తెరిచినప్పుడల్లా పక్కన
చిన్న ఎర్రటి అంకె కనిపిస్తుంది,
ఆమోదం కోసం వేచి ఉన్నవి: ఒకటి.
మార్చిలో తనిఖీకి వచ్చినాయన
"ఇది మిగిలిపోయిందే" అన్నాడు.
అవునన్నాను.
దాని కింద, కొత్తగా, తాత వ్యాఖ్య:
"బాగుంది. ఇవాళ రెండు పడ్డాయి."