నీలిమందు

బద్రీ, లైటు ఆర్పు.
కర్టెన్ సందు కూడా లాగెయ్.
మత్‌క్వారీ నది మీది మంచు వెలుగు
అడక్కుండా లోపలికొచ్చే రకం.
పందొమ్మిదేళ్ళుగా ఈ గదిలో
నా ఉద్యోగం చీకటిని కాయడం.

నిన్న నువ్వు మెట్లన్నీ ఎగిరి దిగొచ్చావు,
"నానులీ, నీలంగా ఒక పోగు! ఎవరూ చూడనిది!"
దానికి పేరు కూడా పెట్టేసుకున్నావని నీ మొహమే చెప్పింది.
నీ స్వెట్టరు చేతి మీద అతినీల దీపం పట్టాను.
భుజం నుంచి మణికట్టు దాకా భగ్గుమంది.
తెల్లదనానికని సబ్బుపొడిలో కలిపే మందు అది,
పాతకాలం నీలిమందుకి మనవరాలు.
నీ ఉన్నిపోగే రాలి గాజుపలక మీద పడింది.
నేను నవ్వలేదు.
సరే, కొంచెం నవ్వాను.

ఇవాళ్టిది అసలు సంగతి.
వంతెన కింద సీసాతో పట్టిన నీళ్ళు,
వడగట్టి, మళ్ళీ వడగట్టి,
బాక్టీరియాని తినే ఆ పిసరుని ఆకుపచ్చ రంగులో నానబెట్టాను.
చిన్నప్పుడు కడుపు నొప్పంటే
దీన్నే చేదు సీసాలో తాగించేది మా నర్సు లమారా.
అరవై ఏళ్ళొచ్చాయి, ఇంకా దీని మొహం చూడలేదు.
చూడలేను కూడా. వెలుగు అలకన్నా చిన్నది.
రాత్రి కొండదారిలో లాంతరు కదిలిపోతుంటే
మనిషి కనపడతాడా?
లాంతరు కనపడుతుంది.
మోసేవాడున్నాడని మనం నమ్ముతాం.

బాక్టీరియా గోడకి ఎర్ర చుక్కలు అంటించాను,
ఆ ఖరీదైన నానో రేణువులు,
పదార్థం ఒకటే, నలుసు పెరిగితే నీలం కాస్తా ఎరుపవుతుంది.
కన్ను కొడుతున్నాయా? కొట్టనీ.
కాసేపు ఆరిపోయి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెలుగుతాయి.
చెడిపోయాయనుకోకు, వాటి స్వభావం అంతే.

ఆకుపచ్చది వేరు. అది కన్ను కొట్టదు.
చూసినకొద్దీ వాడిపోతుంది.
మన చూపు పడాలంటే లేజరు పడాలి,
లేజరు పడితే రంగు చావాలి.
అందుకే పొదుపుగా చూడు,
అప్పిచ్చినవాడి గుమ్మం ముందు నడిచినట్టు.

అదిగో.
ఎర్ర గట్టు దగ్గర ఆగింది.
కదలడం లేదు.
బద్రీ, ఊపిరి తెర మీద వదలకు.
బయట చుక్క సన్నబడుతోంది,
లోపల, చూడు, లోపల
ఆకుపచ్చ మసక,
పాలలో పడ్డ సిరా చుక్కలా
తొందరేం లేకుండా

పోయింది.
అంతా నలుపు.

రికార్డు బటన్ నొక్కావా?

...

సరే.
నేనూ నీకు గుర్తు చెయ్యలేదు.
లాగ్ పుస్తకంలో రాయి: పన్నెండో నిమిషం, రంగు వాడింది, ఫైలు లేదు.
చూశాం అని రాయకు.
ఆ పుస్తకంలో దానికి గడి లేదు.

రేపు ఇంకో పలక చేద్దాం.
ఆ స్వెట్టరు మాత్రం
తలుపు బయట మేకుకి తగిలించి రా.