తూకం చీటీ వెనకవైపు

సున్నం కొట్టించడానికి అటక మీది సామాను దించితే
ట్రంకుపెట్టె అడుగున దొరికింది
ఏడో తరగతి డ్రాయింగు పుస్తకం.
అట్ట మీద నా పేరు,
పేరు చుట్టూ ఎందుకో గుమ్మడి తీగ.

మొదటి పేజీలో మేక. దానికి ఐదు కాళ్ళు.
ఐదోది తోకేమో అనుకున్నా. కాదు,
తోక వేరే ఉంది.
రెండో పేజీ ఎవరో చింపేశారు.
మూడో పేజీ నిండా నీవా నది,
గట్టు తెగేంత నీలం.
కింద మునిరత్నం సారు ఎర్రసిరా:
"ఏట్లో నీళ్ళు యాడివిరా? పదికి నాలుగు."

నిజమే. ఆ ఏడు నీవాలో
ఇసుక తప్ప ఏమీ లేదు.
మేమందులో కబడ్డీ ఆడేవాళ్ళం.

చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాని.
పద్నాలుగేళ్ళుగా రోజుకొక బొమ్మ,
తూకం చీటీ వెనకవైపు.
పెద్ద కారణమేం లేదు,
సరుకు దిగేలోపు చెయ్యి ఊరుకోదు.
జ్వరమొచ్చిన రోజు మంచం పక్క చెంబు గీశాను.
అమ్మ పోయిన పదకొండో రోజు
పురోహితుడి చెప్పులు.
చాలామటుకు చెంగల్రాయులు మెడే,
బస్తాలు మోసి మోసి ఒకవైపు ఒరిగిన మెడ.
"ఈసారన్నా నిటారుగా గియ్యి సామీ" అంటాడు.
బెల్లం వేళ్ళతో గీస్తే
చూడడానికొచ్చేది చీమలే.
రెండేళ్ళ బొమ్మలు అవే తినేశాయి,
మంచివీ చెడ్డవీ ఏరకుండా.

ఈరోజు పుస్తకం సంచిలో పెట్టుకొచ్చి
అదే ఏరు మళ్ళీ గీద్దామని కూర్చున్నా.
వంతెన కుదిరింది.
నీడ ఎటు పడాలో అటే పడింది.
కంపచెట్లు, మురుగుపాయ,
గట్టు మీద కోడికూర అంగడి బోర్డు,
ఉన్నదున్నట్టు.
తొమ్మిదైనా వేసేవాడు సారు.
నీళ్ళు మాత్రం రాలేదు.
ఎక్కడ మొదలుపెట్టాలో
చేతికి తెలియలేదు.

వాడికి తెలుసు.
పెన్సిలు ఎత్తకుండా ఈ అంచు నుంచి ఆ అంచుకి లాగేశాడు.
పేజీ అయిపోయాక
బల్ల మీదికి కూడా పోయుంటుంది ఆ గీత.

బంగారుపాళ్యం లారీ వచ్చింది.
చీటీ తిప్పి రాశాను: ముప్పైమూడు బస్తాలు.
నకలు రైతుకిచ్చి
అసలు నేనుంచుకున్నా.
పల్చటి కాగితం, సిరా పెన్ను.
మళ్ళీ తిప్పేసరికి
రెండు మూళ్ళూ ఇవతలికి ఊరి
వంతెన కింద
నీలంగా వంకర్లు పోతున్నాయి.

తుడుద్దామని గుడ్డ తీశాను.
ఒరిగిన మెడతోనే వంగి చూసి
"ఏట్లోకి నీళ్ళొచ్చినాయే" అన్నాడు చెంగల్రాయులు.

అప్పటికే ఒక చీమ
గట్టు దిగుతోంది.